దాచేపల్లి దాకా వెళ్ళిన రిపోర్టు

ప్రభుత్వ వైద్య కళాశాలలో పాతికేళ్ళకు పైగా మైక్రోబయాలజీ పాఠాలు చెప్పి, ప్రొఫెసరుగా పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది, గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి లాబొరేటరీకి అధిపతిగా చేరాను. ఇప్పుడు ఆ ఉద్యోగం కూడా మానేశాను. నేను చెప్పబోయేది అక్కడ చేరిన మొదటి సంవత్సరంలో జరిగింది. కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన రెండో మిరప సీజను, ఫిబ్రవరి నెల. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తే ఆసుపత్రి రెండో అంతస్తులో కూర్చున్న మాకు కూడా తుమ్ములు వచ్చే రోజులు.

మైక్రోబయాలజిస్టు ఉద్యోగం గురించి బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. మేము రోగిని చూడం. రోగి రక్తం, కళ్ళె, చీము, మూత్రం మా దగ్గరికి వస్తాయి. వాటిలో ఏ సూక్ష్మజీవి పెరిగిందో, దానికి ఏ మందు పనిచేస్తుందో రాసి కింద సంతకం పెడతాం. ఆ సంతకమే రోగికీ మాకూ మధ్య ఉన్న మొత్తం పరిచయం. నా కింద ముగ్గురు టెక్నీషియన్లు ఉండేవారు. అందరిలోకీ సీనియరు మస్తాన్‌వలి. ఇరవై ఏళ్ళుగా అదే బెంచీ మీద పనిచేస్తున్నాడు. స్లైడు చేతిలోకి తీసుకునే తీరు చూస్తేనే తెలిసేది, పనిమంతుడని.

మాకు వచ్చే వాటిలో అన్నిటికంటే విలువైనది రక్తం సీసా. జ్వరం ఎందుకొచ్చిందో తెలియనప్పుడు రోగి చేతి నుంచి రక్తం తీసి, సూక్ష్మజీవులకు ఆహారంగా పనికొచ్చే ద్రవం ఉన్న సీసాలో పోసి పంపుతారు. దీన్నే బ్లడ్ కల్చర్ అంటాం. ఆ సీసాను ఒంటి వేడికి సమానమైన వేడిలో ఉంచే యంత్రంలో పెడతాం. లోపల ఏదైనా పెరగడం మొదలుపెడితే యంత్రం కూత పెడుతుంది. ఐదు రోజులైనా కూయకపోతే ఏమీ లేదని రాస్తాం.

ఆ సోమవారం ఉదయం నేను వచ్చేసరికి మస్తాన్‌వలి నా బల్ల మీద ఒక ప్లేటు పెట్టి, కూర్చోకుండా నిలబడి ఉన్నాడు.

"నిన్న పొద్దున కూసిందండి మేడం. శనివారం సాయంత్రం పెట్టిన సీసా. పదమూడు గంటలకే కూసింది."

ప్లేటు మూత తీయకుండా వెలుతురుకు ఎత్తి చూశాను. సీసాలోది రాసి పెంచిన ఎర్రటి అగార్ జెల్లీ మీద పసుపు రంగు చుక్కలు, గుండ్రంగా, నున్నగా. ప్రతి చుక్క చుట్టూ ఎరుపు విరిగి తేటపడి ఉంది. ఆ రంగును నేను కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. అయినా చూపుతో తేల్చెయ్యడం మా పని కాదు. కొంచెం స్లైడు మీదికి తీసుకుని ప్లాస్మా చుక్క కలిపితే పది సెకన్లలో గింజలు గింజలుగా ముద్దకట్టింది. స్టెఫిలోకాకస్ ఆరియస్.

ఇక్కడ ఒక మాట వివరించాలి. స్టెఫిలోకాకస్ అంటే మైక్రోస్కోపులో ద్రాక్షగుత్తిలా కనపడే బాక్టీరియా. అందులో మాకు ముఖ్యమైన తెగలు రెండు. ఒకటి మనందరి చర్మం మీదా ఊరికే బతికేది. సూది గుచ్చే ముందు చర్మం సరిగ్గా తుడవకపోతే సీసాలోకి వచ్చేస్తుంది. అందుకే ద్రాక్షగుత్తులు కనిపించాయని చెప్పగానే చాలామంది డాక్టర్లు "చర్మం మీదిదే లెండి" అని పక్కన పెడతారు. చాలాసార్లు అది నిజమే. రెండోది ఆరియస్. దీన్ని అలా పక్కన పెట్టడానికి వీల్లేదు. రక్తంలోకి దిగాక ఇది గుండె కవాటాల మీద, కీళ్ళలో, వెన్నుపూసల మధ్య, ఎక్కడ చోటు దొరికితే అక్కడ కాపురం పెడుతుంది. జ్వరం మాత్రతో రోగి తేరుకున్నట్టు కనిపిస్తాడు. లోపల దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. మైక్రోస్కోపు కింద రెండు తెగలూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తేలాలంటే ప్లేటు మీద పెరిగేదాకా, అంటే మర్నాటిదాకా, ఆగాలి.

"వార్డుకి చెప్పావా?" అని అడిగాను.

"నిన్ననే ప్రిలిమినరీ రిపోర్టు రాసి వార్డు ట్రేలో పెట్టానండి. ద్రాక్షగుత్తులు కనపడ్డాయని. ఇప్పుడు ఫోన్ చేస్తే, ఆ పేషెంటు నిన్న మధ్యాహ్నమే వెళ్ళిపోయిందంటున్నారండి. నా రిపోర్టు ఇంకా ట్రేలోనే ఉందంట."

అప్పుడు మా లాబొరేటరీ నియమం అదే. రిపోర్టు రాసి వార్డు ట్రేలో పెడితే మా బాధ్యత తీరినట్టు. మస్తాన్‌వలి నియమం తప్పలేదు. ఆ నియమం మీద సంతకం నాది.

రోగి పేరు ఆదిలక్ష్మి, వయసు ముప్పై ఎనిమిది. రక్తంతో పాటు వచ్చిన కాగితంలో డ్యూటీ డాక్టరు రెండు ముక్కలు రాశాడు: ఆరు రోజులుగా చలిజ్వరం, నడుము నొప్పి. ఆ డాక్టరు పేరు ఫణీంద్ర. ఎండీ పూర్తిచేసి ఏడాది అయిన కుర్రవాడు, తెలివైనవాడు, ఓపిక తక్కువ. ఫోన్ చేశాను.

"ఒకే సీసా కదా మేడం. కంటామినేషన్ అయ్యుండొచ్చు. జ్వరం కూడా తగ్గింది. కోతలున్నాయి, వెళ్ళాల్సిందేనని వాళ్ళే పట్టుబట్టి, తమ పూచీ మీదేనని రాసిచ్చి వెళ్ళారు."

"ఒకే సీసా తీసింది మీరు. అందులో పదమూడు గంటలకే పెరిగింది ఆరియస్. చర్మం మీదిది ఇంత త్వరగా కూయదు. నడుము నొప్పని మీరే రాశారు. ఆ నొప్పి ఎక్కడో చూశారా?"

"కూలి పని చేసే మనిషి కదా అనుకున్నాను మేడం," అన్నాడు.

నేను అతణ్ణి మందలించలేదు. దానికి నాకు అర్హత లేదు. కాలేజీలో పనిచేసే రోజుల్లో ఇలాంటి రిపోర్టే ఒకటి నా చేతి మీదుగా వార్డుకు వెళ్ళింది. ఆ రోగి ఏమయ్యాడన్నది నాకు రెండు వారాల తర్వాత తెలిసింది. చనిపోయిన రోగుల కేసులు చర్చించే సమావేశానికి స్లైడు కావాలని ఒక పీజీ విద్యార్థి వచ్చాడు. ఆ రిపోర్టులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేదీ ఉంది, నా సంతకం ఉంది. దాన్ని ఎవరూ చదవలేదు.

కేసు షీటు తెప్పించాం. చిరునామా కనిగిరి దగ్గర ఒక పల్లె. ఫోన్ నంబరు కలిపితే స్విచ్చాఫ్. అది కూలీల జట్టును తీసుకొచ్చిన మేస్త్రీ నంబరని తర్వాత తెలిసింది. కనిగిరి ప్రాంతపు వాళ్ళు మిరపకోతల కాలంలో సొంత ఊళ్ళో ఉండరు. జట్లుగా బయలుదేరి గుంటూరు, పల్నాడు చేలకు వస్తారు, చేల పక్కనే గుడారాలు వేసుకుని రెండు మూడు నెలలు ఉంటారు. అంటే షీటులో రాసుకున్న చిరునామాలో మనిషి లేదు. ఆమె ఎక్కడ ఉందో అడగడానికి ఆ షీటులో గడి లేదు.

వార్డు సిస్టరుకు ఒక్క సంగతి గుర్తుంది. వెళ్ళేటప్పుడు ఆమె భర్త దాచేపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాడట. చేను సున్నపురాయి గని పక్కన అని కూడా అన్నాడట.

సూపరింటెండెంటు గదికి వెళ్ళి అంబులెన్సు కావాలని అడిగాను. ఆయన సర్జను, మంచి మనిషి, కాకపోతే కాగితం పద్ధతి ప్రకారం ఉండాలనే మనిషి.

"వాళ్ళు రాసిచ్చి వెళ్ళారు కదా మేడం. మనం ఊరూరా తిరిగి రిపోర్టులు పంచలేం."

"రాసిచ్చినప్పుడు వాళ్ళకి ఈ రిపోర్టు సంగతి తెలియదండి. మనకి తెలుసు. మన ట్రేలో ఉంది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "దాచేపల్లిలో సున్నపురాయి గనులు ఒకటా రెండా? ఎక్కడని వెతుకుతారు?"

"అక్కడికి వెళ్ళాక తెలుస్తుందండి."

అంబులెన్సు ఇచ్చారు. మస్తాన్‌వలి తనంతట తానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. బండి కదులుతుండగా ఫణీంద్ర స్టెతస్కోపు మెడలో వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చి వెనక ఎక్కాడు. నేను రమ్మనలేదు. ఓపీ వేరే డాక్టరుకు అప్పగించి వచ్చానని మాత్రం చెప్పాడు.

సత్తెనపల్లి, పిడుగురాళ్ళ దాటేసరికి పన్నెండు దాటింది. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎకరాల కొద్దీ ఎరుపు. దాచేపల్లి దగ్గర పడేకొద్దీ రోడ్డు పక్క చెట్ల ఆకులు సిమెంటు దుమ్ముతో తెల్లబడ్డాయి. ఊళ్ళోకి వెళ్ళాక ఎవరినడగాలో మస్తాన్‌వలికే తట్టింది. బండిని ఒక పురుగుమందుల షాపు ముందు ఆపించాడు. ఏ రైతు ఎన్ని ఎకరాలు వేశాడో, ఎక్కడి జట్టును దించాడో ఆ షాపువాళ్ళకు తెలియకుండా ఉండదు.

"కనిగిరి జట్టా? ఈ ఏడు రెండే దిగినయ్యండి," అన్నాడు షాపాయన. "ఒకళ్ళు ఏటి వైపు. గని పక్కనంటే మా వెంకటేశ్వర్లు చేనే." ఫోన్ తీసి, మా ఎదుటే గట్టిగా అరిచాడు. "ఒరేయ్ ఎంకటేశ్వర్లూ, మీ జట్టులో ఒకావిడ గుంటూరు ఆసుపత్రికి పోయొచ్చిందా? డాక్టర్లొచ్చార్రా ఆవిడ కోసం. నిజంగానేరా, అంబులెన్సుతో వచ్చారు!"

గని పక్క మట్టిరోడ్డులో మరో పావుగంట ప్రయాణం. ఆ రైతు మోటారు సైకిలు మీద ఎదురొచ్చి దారి చూపించాడు. చేను గట్టున వరసగా ఎనిమిది గుడారాలు ఉన్నాయి, నీలం పట్టాలతో వేసినవి. జట్టంతా చేలో ఉంది. చివరి గుడారంలో ఒకామె పక్కకు తిరిగి పడుకుని ఉంది. మనిషి సన్నగా, ఎముకల గూడులా ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, చేతుల మీద బరువు వేసి సగం దాకా లేచి, మళ్ళీ పడుకుండిపోయింది.

ముందుగా ఆమె చేతులు చూశాను. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు చీలికలు పడి, గోరు పక్కన చీము పట్టి ఎండిన పుండు ఉంది. రోజంతా మిరపకాయలు కోసే చేతులకు ఆ ఘాటుకు తోలు ఊడి పగుళ్ళు రావడం మామూలే. దాన్ని అక్కడ ఎవరూ జబ్బు అనరు. ఆ పగులే దారి. సూక్ష్మజీవి రక్తంలోకి దిగింది ఆ దారిన.

ఆమె భర్త మాలకొండయ్య చేలోంచి పరుగున వచ్చాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, ముందు రైతు వైపు, తర్వాత మా వైపు చూశాడు.

"నిన్ననే గదండీ పంపిచ్చింది. జొరం తగ్గిందన్నారు. మళ్ళీ యాడికి రమ్మంటారు?" అతని గొంతులో కోపం ఉంది, భయం కూడా ఉంది. "మేం ఇద్దరం జట్టులో లేకపోతే మిగిలినోళ్ళ మీద పడద్ది పని. మాటిచ్చి వచ్చినాం మేం."

ఫణీంద్ర ఏదో చెప్పబోయి నా వైపు చూశాడు. ఇలాంటప్పుడు డాక్టర్లు సాధారణంగా రోగిదే తప్పన్నట్టు మాట్లాడతారు. మీరే పట్టుబట్టి వెళ్ళారు కదా అంటారు. ఆ మాట నా నాలుక చివరికీ వచ్చింది.

"పంపించింది మేమేనయ్యా. పంపించకూడదు," అన్నాను. "ఈమె రక్తంలో చెడ్డ పురుగు పెరిగింది. ఆ సంగతి మాకు నిన్న పొద్దుటే తెలిసింది. మీకు చెప్పలేకపోయాం. అది మా తప్పు. అందుకే మేమే వచ్చాం."

మాలకొండయ్య తలగుడ్డ భుజాన వేసుకుని గుడారం ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఫణీంద్ర మోకాళ్ళ మీద కూర్చుని ఆమెను పరీక్షించడం మొదలుపెట్టాడు. ఒళ్ళు పెనంలా ఉంది. గుండె చప్పుడు విన్నాడు. తర్వాత ఆమెను పక్కకు తిప్పి, వేళ్ళతో వెన్నుపూసల మీద ఒక్కొక్కటిగా తట్టుకుంటూ కిందికి వచ్చాడు. నడుము పైభాగంలో ఒకచోట వేలు పడగానే ఆమె కెవ్వుమంది.

"అమ్మా, ఎడమ కాలు పైకెత్తు," అన్నాడు.

ఎత్తలేదు.

"కుడి కాలు?"

కుడి కాలు జానెడు లేచింది, వణికింది, పడిపోయింది.

"ఎప్పటినించమ్మా ఇట్లా?"

ఆమె భర్త వైపు చూడకుండా, గుడారం పట్టా వైపు చూస్తూ చెప్పింది. "నిన్న బస్సు దిగినప్పట్నించండి. తిమ్మిరనుకున్నా. పొద్దున్నుంచి ఒంటేలుకి గూడా పోలేదు. ఈయనకి చెప్పలేదు. చెప్తే పని మానేసి కూచుంటాడని."

ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. నన్ను పక్కకు తీసుకెళ్ళి, వెన్నులో చీము పట్టి నరాల మీద నొక్కుతోంది మేడం, గంటలే ఉన్నాయి అన్నాడు. ఆ మాట నాకు కూడా తెలుసు. నరాల మీద ఆ నొక్కుడు తీసేయడం ఆలస్యమైతే కాళ్ళు శాశ్వతంగా పడిపోతాయి. ఆ తర్వాత రక్తం శుభ్రమైనా నడక తిరిగిరాదు.

మాలకొండయ్యకు ఆ సంగతి నేనే చెప్పాను. మెత్తటి మాటలతో చెప్పలేదు. ఇవాళ సాయంత్రంలోగా ఆపరేషను జరిగితే నడిచే అవకాశం ఉంది, రేపైతే చెప్పలేం అన్నాను. అతను చేను వైపు ఒకసారి, జట్టు వైపు ఒకసారి చూశాడు. అప్పటికి జట్టులోవాళ్ళు గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు. రైతు వెంకటేశ్వర్లు మధ్యలో కల్పించుకున్నాడు.

"ఏరా మాలకొండయ్యా, ఏం చూస్తావురా ఇంకా? కోత యాడికీ పోదు, నేను మాట్టాడుకుంటాలే వీళ్ళతో. ఎక్కు బండి!"

ఫణీంద్రా మస్తాన్‌వలీ ఇద్దరూ కలిసి ఆమెను నడుము వంగకుండా స్ట్రెచరు మీదికి చేర్చారు. బండిలో మందు ఎక్కించడానికి ముందు రెండు చేతుల నుంచీ వేరువేరుగా రక్తం తీయమన్నాను. ఆ రెండు సీసాలనూ మస్తాన్‌వలి గుంటూరు చేరేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండిలోంచే సూపరింటెండెంటుకు ఫోన్ చేశాను. మేం వెళ్ళేసరికి ఎంఆర్ఐ ఖాళీగా ఉంచారు, వెన్ను సర్జను ఆపరేషను గది దగ్గర సిద్ధంగా ఉన్నారు. పద్ధతి ప్రకారం నడిచే మనిషి ఒకసారి సరేనన్నాక ఎంత పని చేయిస్తారో ఆ రోజు చూశాను.

ఎంఆర్ఐలో రెండు వెన్నుపూసల వెనక చీము నరాలను ఒకవైపుకు తోసేసి కనిపించింది. సాయంత్రానికి సర్జను దాన్ని తీసేశారు. ఆ చీములో కూడా అదే ద్రాక్షగుత్తి. గుండె స్కానులో కవాటాలు శుభ్రంగా ఉన్నాయి. ఆ వార్త విన్నాకే ఆ రోజు నేను ఇంటికి బయలుదేరాను.

తర్వాతి గొడవ మందుల గురించి. ఆసుపత్రిలో పెద్ద ఇన్‌ఫెక్షను అనగానే పెద్ద మందు రాయడం అలవాటు. వాంకోమైసిన్ రాశారు. మామూలు మందులకు లొంగని రకం ఆరియస్ అయితే అదే సరైనది. కానీ మా పరీక్షలో ఈమెది లొంగే రకమని తేలింది. లొంగే రకానికి సెఫజోలిన్ లాంటి పాత మందు, చవకైన మందు, ఇంకా బాగా పనిచేస్తుంది. పాత మందు ఇస్తే రోగి బంధువులు ఏమనుకుంటారో అని ఒక డాక్టరు సందేహించారు. సూక్ష్మజీవికి మందు పాతదో కొత్తదో తెలియదని చెప్పాను. మందు మార్చారు.

ఇంకొక నియమం కూడా పట్టుబట్టి అమలు చేయించాను. ఆరియస్ రక్తంలో ఉన్నప్పుడు జ్వరం తగ్గిందా లేదా అన్నది సరైన లెక్క కాదు. రెండు రోజులకోసారి మళ్ళీ రక్తం తీసి పెంచి చూడాలి. సీసా కూయకుండా ఉన్న మొదటి రోజు నుంచే చికిత్స రోజులు లెక్కపెట్టాలి. బండిలో తీసిన రెండు సీసాలూ కూశాయి. బుధవారం తీసినవీ కూశాయి. శుక్రవారం తీసినవి కూయలేదు. ఆ శుక్రవారమే మొదటి రోజు అని షీటు మీద ఎర్రసిరాతో రాయించాను. అక్కడి నుంచి ఆరు వారాలు, రోజుకు మూడుసార్లు ఇంజెక్షను.

ఆరు వారాలు ఒక కూలి మనిషిని మంచాన ఉంచడం మందు ఎంచుకున్నంత తేలిక కాదు. రెండో వారం నుంచి ఆదిలక్ష్మి ఇంటికి పోతానని సిస్టర్లతో వాదనకు దిగింది. జ్వరం లేదు, నొప్పి తగ్గింది, ఇంకా ఎందుకు ఈ సూదులు? ఫణీంద్ర రోజూ నచ్చజెప్పేవాడు. ఒకరోజు అతను ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నేరుగా మా లాబొరేటరీ గుమ్మం ముందుకు తీసుకొచ్చాడు.

"మేడం, ఈమె పురుగుని చూపించమంటోంది. చూస్తే గానీ నమ్మదంట."

మొదటి ప్లేటును మేము ఫ్రిజ్‌లో దాచి ఉంచాం. మస్తాన్‌వలి దాని మూత చుట్టూ టేపు గట్టిగా అతికించి, తెచ్చి ఆమె కళ్ళ ముందు పట్టుకున్నాడు. ఆమె మెడ ముందుకు చాచి చాలాసేపు చూసింది.

"ఇదా అండీ? కల్లంలో రాలిన మిరపగింజల్లా ఉండయ్యే."

"అవేనమ్మా. నీ వేలి పగులులోంచి పోయి, నీ నడుములో కూర్చున్నవి ఇవే."

"ఇప్పుడు నా ఒంట్లో ఇవి లేవంటారా?"

"రక్తంలో లేవు. ఎముకలో ఎక్కడన్నా ఒకటి దాక్కుని ఉందేమో మాకు తెలియదు. నీకూ తెలియదు. ఈ ఆరు వారాలు దాని కోసమే."

ఆమె తన చేతివేళ్ళు తిప్పి చూసుకుంది. పగుళ్ళు అప్పటికి మానాయి. "సరేలెండి, తీసకపోండి పైకి," అని ఫణీంద్రతో అంది. ఆ తర్వాత మళ్ళీ ఇంటి మాట ఎత్తలేదు.

నాలుగో వారంలో ఎడమ కాలు మంచం మీద నుంచి లేచింది. ఐదో వారంలో గోడ పట్టుకుని నిలబడింది. ఆరు వారాలు పూర్తయిన రోజు చేతికర్రతో వరండా చివరిదాకా నడిచి వెళ్ళి తిరిగొచ్చింది. మాలకొండయ్య పక్కనే నడిచాడు గానీ పట్టుకోలేదు. పట్టుకోవద్దని ఆమె ముందే చెప్పింది. ఎడమ పాదంలో కొంచెం బలహీనత మిగిలిపోయింది. మూడు నెలల తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు చేతికర్ర లేదు, పాదం మాత్రం కొద్దిగా ఈడుస్తోంది. మిరపకోతలకు ఇక రానని, ఊళ్ళో గేదెలు చూసుకుంటున్నానని చెప్పింది. ఆ ఒక్క రోజు ఆలస్యం లేకపోతే పాదం కూడా పూర్తిగా తిరిగొచ్చేదా అన్నది నేను సర్జనును అడిగాను. వచ్చేదేమో అన్నారు ఆయన. ఆ జవాబును నేను రిజిస్టరులో ఆమె పేరు పక్కనే రాసిపెట్టాను.

ఆ తర్వాత మా లాబొరేటరీలో పద్ధతి మార్చాం. సూపరింటెండెంటు గారే ఆర్డరు జారీ చేశారు. దాన్ని రాసింది ఫణీంద్ర. రక్తం సీసా కూసిందంటే, ఆదివారమైనా పండగైనా, టెక్నీషియను ట్రే జోలికి పోకూడదు. రోగిని చూస్తున్న డాక్టరుకు నేరుగా ఫోన్ చెయ్యాలి. విన్నది ఆయన చేత తిరిగి చెప్పించుకోవాలి. పేరూ టైమూ రాసుకోవాలి. రక్తం రెండు చేతుల నుంచీ తీయకుండా సీసా పంపితే మేము తిప్పి పంపుతాం. సీసా యంత్రంలో ఉండగా రోగి ఇంటికి వెళ్ళాల్సి వస్తే, ముందు మమ్మల్ని అడగాలి. చేర్చుకునే కాగితంలో చిరునామా గడి కింద ఇంకో గడి పెట్టించాం: ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు, ఎవరి చేను, అక్కడ ఫోన్ ఎవరిది. మిరప సీజనులో ఆ గడి పై గడి కంటే ఎక్కువ ఉపయోగపడింది. తర్వాతి రెండేళ్ళలో ఆ గడి చూసే ముగ్గురిని వెనక్కి పిలిపించాం.

ఆ ఉద్యోగంలో నేను కొత్తగా నేర్చుకున్న బాక్టీరియా ఏదీ లేదు. ఆరియస్ గురించి నాకు తెలిసినదంతా అప్పటికే తెలుసు, దాని మీదే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాను. నేర్చుకున్నది ఒక్కటే. సరైన రిపోర్టు రాయడం లాబొరేటరీ పనిలో సగం. ఆ రిపోర్టు చూసి ఎవరు ఏం చేశారో తెలుసుకోవడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని నేను పాతికేళ్ళు వేరేవాళ్ళ పని అనుకున్నాను. ఆదిలక్ష్మి తర్వాత, రోగికి మొదటి ఇంజెక్షను పడిన టైము మా రిజిస్టరులోకి ఎక్కేదాకా ఏ కేసు కిందా నేను సంతకం పెట్టలేదు.